విదేశాలకు కాపురం మారుస్తుంటే: ఏ సామాను ఓడెక్కించాలి, ఏది ఇక్కడే ఉంచాలి

క్లుప్తంగా

ఓడలో వెళ్ళే ఇంటి సామానుకు కిరాయి ముఖ్యంగా అది పట్టే చోటును బట్టి పడుతుంది, వస్తువు విలువతో దానికి సంబంధం లేదు. ఆ లెక్కన మంచాలు, బీరువాలు, సోఫాలు చాలావరకు నష్టం. ఇత్తడి, కంచు, పుస్తకాలు, పట్టుచీరలు, అక్కడ దొరకని చిన్న వంట పరికరాలు లాభం. మోటారుతో నడిచేవి ఏ దేశం వెళ్తున్నామో చూసి తేల్చుకోవాలి. కర్ర, గడ్డి, గింజ, ఆకు ఉన్నవాటిని, వందేళ్ళు దాటిన పాత వస్తువులను నిబంధనలు చూడకుండా పెట్టెలో పెట్టకూడదు.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకు పెద్దదైంది

గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళకి ఈ సమస్య పెద్దగా రాలేదు. కోనసీమ పల్లెల నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళినవాళ్ళు ఎక్కువగా ఒంటరిగా, పని వీసా మీద వెళ్ళారు. ఉండే గది యజమానిది, మంచం యజమానిది, తీసుకెళ్ళేది టికెట్‌తో పాటు వచ్చే లగేజీ మటుకే. సామాను అటునుంచే ఇటు వచ్చేది, దుప్పట్లు, పాలపొడి, సబ్బులు కార్గో పెట్టెల్లో ఊరికి చేరేవి. ఇప్పుడు భీమవరం, తణుకు, రాజమండ్రి, కాకినాడల నుంచి వెళ్తున్న కుటుంబాల సంగతి వేరు. ఆస్ట్రేలియా, కెనడా పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీదో, అమెరికా, బ్రిటన్ ఉద్యోగాల మీదో భార్యాభర్తలు పిల్లలతో సహా కదులుతున్నారు, ఇక్కడి అద్దె ఇల్లు ఖాళీ చేయాలి, పెళ్ళప్పుడు వచ్చిన సారె సామాను అలాగే ఉంది, ఎవరింట్లో పెట్టాలో తెలియదు, దాంతో మొత్తం కంటైనర్‌లో వేసేస్తే పోతుంది కదా అనిపిస్తుంది.

అమెరికా వెళ్ళేవాళ్ళకి ఇంకో మార్పు తోడైంది. ఇంతకుముందు 800 డాలర్లలోపు విలువున్న పార్సిల్‌కి అక్కడ సుంకం పడేది కాదు, కాబట్టి రెండు సూట్‌కేసులతో వెళ్ళిపోతే మిగతావి అమ్మో అత్తగారో తర్వాత కొరియర్ చేస్తారులే అనుకునేవారు. 2025 ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు అన్ని దేశాల పార్సిళ్ళకూ తీసేశారు. మన తపాలా శాఖ కూడా ఆ రోజుల్లో అమెరికా పార్సిళ్ళు చాలావరకు ఆపేసి, అక్టోబరులో మళ్ళీ మొదలుపెట్టింది. కాపురం మారేటప్పుడు వెళ్ళే వాడిన ఇంటి సామానుకు ఉన్న మినహాయింపు మాత్రం వేరే నిబంధన కింద ఉంది, దాని జోలికి ఈ మార్పు రాలేదు. అంటే ‘తర్వాత తెప్పించుకుందాం’ అన్న దారికి ఖర్చు పెరిగింది, బయల్దేరే ముందే తేల్చుకోవాల్సిన జాబితా కూడా పెరిగింది.

కిరాయి దేనికి పడుతుంది

ఓడ సామాను లెక్క క్యూబిక్ మీటర్లలో ఉంటుంది, ప్యాకర్లు దాన్ని సీబీఎం అంటారు. ఒక సీబీఎం అంటే సుమారు 35 ఘనపుటడుగులు. ఇరవై అడుగుల కంటైనర్‌లో దాదాపు 33 సీబీఎం, నలభై అడుగుల దాంట్లో దాదాపు 67 సీబీఎం పడుతుంది. అంత సామాను లేని కుటుంబం నలుగురితో కలిసి ఒకే కంటైనర్‌లో వేస్తుంది, అప్పుడు ఎన్ని సీబీఎంలు వాడితే అన్నిటికి కడుతుంది. బరువు కూడా చూస్తారు కానీ ఒక సీబీఎంకి వెయ్యి కిలోలు దాటితేనే బరువు లెక్కలోకి వస్తుంది, ఇంటి సామాను దాదాపు ఎప్పుడూ అంత తూగదు.

ఈ ఒక్క సంగతి అర్థమైతే సగం గందరగోళం తీరిపోతుంది. ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న ఇనప బీరువా 29 ఘనపుటడుగులు, అంటే 0.83 సీబీఎం, చుట్టూ అట్టలు కట్టేసరికి ఒకటికి దగ్గరవుతుంది. ఏడడుగుల పొడవు, మూడడుగుల లోతు, మూడడుగుల ఎత్తు ఉన్న సోఫా దాదాపు 1.8 సీబీఎం. అదే ఒక సీబీఎంలో 18 అంగుళాల అట్టపెట్టెలు పది పడతాయి. ఆ పది పెట్టెల్లో ఒక ఇంటి వంటగది మొత్తం, పట్టుచీరలు, పిల్లల పుస్తకాలు, పూజ సామాను పట్టేస్తాయి. ఒక బీరువా ఎక్కించడమా, వంటిల్లు మొత్తం ఎక్కించడమా అని ఎదురెదురు పెట్టి చూస్తే జవాబు తేలిగ్గా వస్తుంది. ఇళ్ళల్లో మాత్రం చర్చ తలకిందులుగా నడుస్తుంది: కొన్నప్పుడు ఎంత ఖరీదు పెట్టామన్నది గుర్తు చేసుకుని ఖరీదైనవాటిని ముందు జాబితాలో రాస్తారు, వంద రూపాయల జంతికల గొట్టాన్ని, గుంటపునుగుల పెనాన్ని వదిలేస్తారు. వెళ్ళాక మొదటి నెలలోనే వెతుక్కునేది ఆ గొట్టాన్నే.

విమానం కార్గోలో లెక్క మారిపోతుంది. అక్కడ అసలు బరువు ఒకటి చూస్తారు, పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తే వచ్చే బరువు ఇంకోటి చూస్తారు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి కట్టాలి. కొరియర్ కంపెనీలు చాలావరకు 5000తో భాగిస్తాయి, అంటే ఇంకాస్త ఎక్కువ పడుతుంది. 30 సెంటీమీటర్ల పెట్టె నిండా పుస్తకాలు పెడితే చోటు లెక్కలో 4.5 కిలోలే, కానీ అసలు బరువు ఇరవై కిలోల దగ్గర ఉంటుంది, ఆ ఇరవైకీ కట్టాల్సిందే. అదే పెట్టె ఓడలో 0.027 సీబీఎం మాత్రమే. అందుకే పుస్తకాలు, ఇత్తడి, రాతి సామాను లాంటి చిక్కని బరువులు ఓడకి నప్పుతాయి. బూరుగుదూది దిండ్లు, పరుపులు, బొంతలు గాల్లోనూ నష్టమే, నీళ్ళమీదా నష్టమే. లోపల డొల్లగా ఉండే బిందెలు, గుండిగలు తీసుకెళ్ళాలనుకుంటే ఒకదాంట్లో ఒకటి దూర్చి, మిగిలిన ఖాళీలో చీరలు, తువ్వాళ్ళు కుక్కాలి, లేకపోతే కిరాయి కట్టేది లోపలి గాలికి.

కొటేషన్‌లో ఎక్కువమంది మోసపోయే చోటు గమ్యం దగ్గరి ఖర్చులు. గోదావరి డెల్టా నుంచి సామాను లారీలో సాధారణంగా విశాఖపట్నానికో చెన్నైకో వెళ్ళి అక్కడ కంటైనర్‌లోకి ఎక్కుతుంది. ‘డోర్ టు పోర్ట్’ అని ఇచ్చిన ధరలో అటు రేవులో దించే ఛార్జీ, కస్టమ్స్ క్లియరెన్స్, తనిఖీ ఫీజు, గోడౌన్ అద్దె, ఇంటికి చేర్చే లారీ ఏవీ ఉండవు. కొన్నిసార్లు సముద్రం దాటడానికయ్యే ఖర్చు కన్నా రేవు నుంచి ఇంటికి చేర్చే ఖర్చే ఎక్కువ. చాలా కంపెనీలు కనీసం ఒక సీబీఎం కిరాయి వసూలు చేస్తాయి కాబట్టి నాలుగు పెట్టెలు పంపినా పదింటి డబ్బు పడొచ్చు. ధర అడిగేటప్పుడు ‘డోర్ టు డోర్, అటువైపు నేను కట్టాల్సినవి ఏమేమిటి’ అని కాగితం మీద రాయించుకోవడం తప్పనిసరి.

కరెంటు, పొయ్యి

మన ఇళ్ళల్లో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, సింగపూర్, దుబాయ్‌లలో దాదాపు ఇదే, కాబట్టి ప్లగ్గు మారిస్తే మిక్సీ, గ్రైండర్ నడుస్తాయి. అమెరికా, కెనడాలలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అక్కడ మన 750 వాట్ల మిక్సీ నడవాలంటే వోల్టేజీ పెంచే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది మిక్సీ కన్నా బరువు. పైగా ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు మారుస్తుంది కానీ హెర్ట్జ్ మార్చదు. మిక్సీలో బ్రష్‌లున్న మోటారు ఉంటుంది, దానికి హెర్ట్జ్‌తో పెద్ద పని లేదు. గ్రైండర్‌లో ఉండే ఇండక్షన్ మోటారు అలా కాదు, 50కి చేసింది 60 మీద దాదాపు 20 శాతం ఎక్కువ వేగంతో తిరుగుతుంది, ఆ బరువుకి అది చేసిన మోటారు కాదు. 110 వోల్టులకు తయారైన మన మిక్సీలు, గ్రైండర్లు అక్కడే దొరుకుతాయి, కాబట్టి ఆ రెండు దేశాలకు ఇక్కడివి మోసుకెళ్ళడం అనవసరం. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఏసీ ఏ దేశానికీ వద్దు. ల్యాప్‌టాప్, ఫోన్ ఛార్జర్ల మీద 100–240 అని రాసి ఉంటే ఎక్కడైనా పనిచేస్తాయి.

పొయ్యి గురించి ఆలోచించేవాళ్ళు తక్కువ. అద్దె ఇళ్ళల్లో చాలాచోట్ల ఉండేది చదునైన గాజు పొయ్యి లేదా ఇండక్షన్. గుండ్రటి అడుగున్న ఇనప మూకుడు దాని మీద నిలవదు, నిలిచినా వేడెక్కేది మధ్యలో రూపాయి బిళ్ళంత మేరే. ఇండక్షన్ మీద ఇత్తడి, రాగి, కంచు, అల్యూమినియం వేడెక్కవు, అయస్కాంతం అంటుకునే అడుగుంటేనే వేడెక్కుతుంది. కాబట్టి ఇక్కడే వంటింట్లో ఒక అయస్కాంతం పట్టుకుని గిన్నెలన్నీ తిరగేసి చూస్తే అరగంటలో జాబితా తేలిపోతుంది. చదునైన ఇనప అట్లపెనం, అడుగు మందమున్న స్టీలు గిన్నెలు, ఇండక్షన్ అడుగున్న కుక్కరు, దానికి రెండు మూడు అదనపు గాస్కెట్లు, విజిల్, సేఫ్టీ వాల్వు, ఇడ్లీ రేకులు, ఇవన్నీ తీసుకెళ్ళదగ్గవి. ఇత్తడి పనికి పేరున్న అజ్జరం గిన్నెలు చారు కాచడానికి అంటే మాత్రం ఇంకో చిక్కుంది: లోపలి కళాయి పూత అరిగితే మళ్ళీ వేసేవాళ్ళు అక్కడ దొరకడం కష్టం, పూత లేని ఇత్తడిలో చింతపండు పులుసు పెట్టకూడదు. అవి పూజకో, అలంకారానికో అనుకుని తీసుకెళ్తేనే అర్థముంటుంది.

డెల్టా తేమకు అలవాటుపడ్డ కర్ర

పందిరిమంచం, భోషాణం, టేకు ఉయ్యాల బల్ల దగ్గర నిర్ణయం ఎప్పుడూ కష్టమవుతుంది, ఎందుకంటే అలాంటి కర్ర మళ్ళీ కొనలేం. కానీ కర్ర చుట్టూ ఉన్న గాలిని బట్టి నీళ్ళు పీల్చుకుంటుంది, వదులుతుంది. కాలవలు, చేలు, సముద్రం మధ్య దశాబ్దాలుగా ఉన్న సామాను ఇక్కడి తేమకు సర్దుకుని ఉంటుంది. టొరంటోలోనో చికాగోలోనో శీతాకాలం నెలల తరబడి హీటర్ వేసుకున్న ఇంట్లో గాలి బాగా ఎండిపోతుంది, కర్రలోని నీరు బయటకొచ్చి పలకలు కుదించుకుంటాయి, అతుకుల దగ్గర కుసులు వదులవుతాయి, అడ్డంగా బిగించిన పలకలైతే చీలతాయి. టేకు మిగతా కర్రల కన్నా తక్కువ కదులుతుంది, అయినా అసలు కదలకుండా ఉండదు. సింగపూర్, బ్రిస్బేన్ లాంటి తేమ ఊళ్ళకు ఈ భయం చాలా తక్కువ.

దారిలో ఇంకో ప్రమాదముంది. కంటైనర్ పగలు ఎండకి వేడెక్కి రాత్రి చల్లబడుతుంది, లోపలి తేమ ఇనప పైకప్పుకి నీటిచుక్కలై కింది సామాను మీద పడుతుంది. ఓడరవాణా వాళ్ళు దీన్ని కంటైనర్ వాన అంటారు. ఆ తేమలో చాలా భాగం సామానుతో పాటే లోపలికి వెళ్తుంది. జూలై, ఆగస్టు ముసుర్లో ప్యాక్ చేసిన అట్టపెట్టెలు, పుస్తకాలు, కర్ర అప్పటికే నీరు పట్టి ఉంటాయి. వీలైతే ఫిబ్రవరి నుంచి మే లోపు, ఎండ కాసిన రోజుల్లో, పుస్తకాలు, బట్టలు ఆరబెట్టి కట్టించాలి, పెట్టెల్లో తేమ పీల్చే సంచులు వేయించాలి. పట్టుచీరల మడతల్లో జరీ నల్లబడకుండా ఒక్కో చీరనీ నూలుగుడ్డలో చుట్టాలి.

అటువైపు కస్టమ్స్ ఏం చూస్తారు

దేశం మారి స్థిరపడేవాళ్ళ వాడిన సామానుకు చాలా దేశాలు సుంకం మినహాయిస్తాయి, తేడా అంతా ఎన్నాళ్ళు వాడారన్న దగ్గరే. అమెరికాలో కనీసం ఏడాది వాడిన ఇంటి సామానుకు మినహాయింపు, దానికి ఫారం 3299 నింపాలి. ఆస్ట్రేలియాలో 12 నెలలు సొంతంగా ఉంచుకుని వాడి ఉండాలి, ఫారం పేరు బీ534. బ్రిటన్‌లో ఆరు నెలలు వాడినవైతే చాలు, కానీ సామాను వెళ్ళకముందే ‘ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్’ కింద దరఖాస్తు పెట్టి నంబరు తెచ్చుకోవాలి, మినహాయింపు తీసుకున్న వస్తువుని ఏడాదిపాటు అమ్మకూడదు. కెనడాలో మొదటిసారి దిగిన రోజే, వెంట తెచ్చినవీ తర్వాత రాబోయేవీ రెండు జాబితాలు ఇవ్వాలి. ఆ రెండో జాబితాలో రాయని వస్తువు తర్వాత వస్తే దాన్ని సుంకం లేకుండా విడిపించుకోవడం కష్టమవుతుంది.

దీన్నిబట్టి మన అలవాటు ఒకటి మానుకోవాలి. ప్రయాణానికి నెల ముందు కొత్త స్టీలు సామాను, కొత్త కుక్కర్లు, సీలు తీయని డిన్నర్ సెట్లు కొని పెట్టెల్లో పెట్టేస్తారు. కస్టమ్స్ దృష్టిలో అవి వాడిన ఇంటి సామాను కాదు. బిల్లు, అట్టపెట్టె, సీలు అలాగే ఉంటే సుంకం వేయడానికి వాళ్ళకి కారణం దొరికినట్టే.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు వెళ్ళేవాళ్ళు మొక్కల సంబంధమైన ప్రతిదాన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. గడ్డి చీపురు, వెదురు చేట, తాటాకు బుట్ట, బూరుగుదూది దిండు, ఎండు కొబ్బరి చిప్ప, పసుపు కొమ్ములు, దర్భ, గుమ్మానికి కట్టిన ఎండు మామిడాకులు, ఇవన్నీ పురుగునో విత్తనాన్నో మోసుకొస్తాయని వాళ్ళ భయం, తమ పంటలను కాపాడుకోవడానికి పెట్టుకున్న కట్టడి అది. పెళ్ళి పట్టుచీర మడతలో మిగిలిపోయిన అక్షింతలు కూడా వాళ్ళ లెక్కలో గింజలే. చెక్క సామానులో పుప్పి పురుగు రంధ్రం కనిపిస్తే పొగ పెట్టించడమో, వెనక్కి పంపడమో, ధ్వంసం చేయడమో, ఖర్చు మాత్రం యజమానిదే. సైకిల్ టైర్లకి, చెప్పులకి, కుంపటికి అంటుకున్న మట్టి కూడా కడిగి ఆరబెట్టాలి. సొంత చేలో పండిన బియ్యం ఒక సంచీ తీసుకెళ్దామన్న ఆశ అమెరికా వెళ్ళేవాళ్ళు కూడా వదులుకోవాలి. ధాన్యాన్ని తినే ఖప్రా పురుగు భయంతో మన దేశం నుంచి ప్రయాణికులు బియ్యం తేవడాన్ని అక్కడ నిషేధించారు. పచ్చి కరివేపాకు కూడా కుదరదు, నిమ్మజాతి చెట్లకి తెగులు తెచ్చే పురుగు దానిమీద ఉంటుంది.

సామాను చుట్టూ కట్టే చెక్క పెట్టెకీ నిబంధన ఉంది. కర్ర లోపలి భాగం 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉండేలా కాచి గానీ, అనుమతించిన మందుతో పొగ పెట్టి గానీ, గోధుమ కంకి బొమ్మతో ముద్ర వేసిన చెక్కనే వాడాలి. ఊళ్ళో వడ్రంగి చేత మామిడి చెక్కతో కొట్టించిన పెట్టె ఎంత గట్టిగా ఉన్నా రేవులో ఆగిపోతుంది.

మన చట్టమే దాటనివ్వనివి

అందరూ విదేశీ కస్టమ్స్ గురించే టెన్షన్ పడతారు, ఇక్కడి చట్టం సంగతి చాలామందికి తెలియదు. 1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన విగ్రహాలు, దీపపు సెమ్మెలు, చెక్కడాలు, కళా వస్తువులు పురావస్తువుల కింద వస్తాయి, రాతప్రతులకైతే 75 ఏళ్ళే గడువు. వాటిని సొంతదారులైనా దేశం దాటించకూడదు. ముత్తాతల నాటి తాళపత్రాలు, దేవుడి గూట్లోని కంచు కృష్ణుడు, నాయనమ్మ కాపురానికి తెచ్చుకున్న నిలువు దీపాలు ఇందులోకి వచ్చే అవకాశం గట్టిగా ఉంది. వయసు మీద అనుమానముంటే, అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి సర్టిఫికెట్ తీసుకున్నాకే పంపాలి. నెమలి ఈకల విసనకర్ర, ఏనుగు దంతపు భరిణె అసలు పంపకూడదు. రోజ్‌వుడ్ జాతి కర్రల మీద 2017 నుంచి అంతర్జాతీయ నియంత్రణ ఉంది, ఆ కర్రతో చేసిన సామానుకు కాగితాలు ముందే అడిగి తెలుసుకోవాలి.

బంగారం ఎప్పుడూ ఓడ సామానులో పెట్టకూడదు. చేతిలో తీసుకెళ్ళేటప్పుడు విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర నగల ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే, తిరిగి వచ్చినప్పుడు అవే నగలని చూపించవచ్చు.

సారె సామాను

పుట్టింటివాళ్ళు ఇచ్చిన మంచం, బీరువా, గంగాళం వదిలి వెళ్ళడం అంటే వాళ్ళని చిన్నబుచ్చినట్టు అనుకోవడం ఇక్కడ సహజం. కిరాయి లెక్కలు వేసి ఆ బాధని కొట్టేయడం కుదరదు, కుదరనక్కర్లేదు కూడా. చోటు తక్కువ పట్టి జ్ఞాపకం ఎక్కువ మోసే వస్తువులు సారెలోనే బోలెడుంటాయి: కుంకుమ భరిణె, మరచెంబు, కంచు పళ్ళెం, నర్సాపురం లేసు టేబుల్ గుడ్డ, ఉప్పాడ చీర. బీరువా వెళ్ళకపోయినా బీరువాలోంచి వచ్చిన ఈ పెట్టె వెళ్తే ఇంట్లో చాలా గొడవలు సర్దుకుంటాయి. పెళ్ళి ఆల్బమ్‌లు మంచి స్కానింగ్ చేయించి ఒక్కటి మాత్రం తీసుకెళ్ళడం మేలు, తేమకి ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

ఎప్పుడు పంపాలి, ఏది పోతే ఎవరు కడతారు

ముందు మనుషులు వెళ్ళి, మూడు నాలుగు నెలలు అక్కడ ఉండి, అసలేం కావాలో తెలిశాక సామాను కదిలించడం చాలా కుటుంబాలకి నప్పే పద్ధతి. ఎలాగూ అమెరికా, ఆస్ట్రేలియా లాంటి చోట్ల యజమాని వచ్చినట్టు పాస్‌పోర్టు, వీసా చూపించాలి. ఇబ్బంది ఇక్కడ ఉంటుంది: అప్పటికి సామాను పెద్దవాళ్ళ చేతుల్లో ఉంటుంది, వాళ్ళ పేరు మీద ఆథరైజేషన్ లెటర్, పాస్‌పోర్టు నకళ్ళు, పెట్టెకో నంబరు వేసి లోపలేముందో ఇంగ్లీషులో రాసిన జాబితా ముందే ఇచ్చి వెళ్ళాలి. ఇంటి నుంచి ఇంటికి రెండు మూడు నెలలు పట్టడం మామూలే. 2023 చివరి నుంచి ఎర్రసముద్రంలో దాడుల వల్ల చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళడంతో యూరప్, అమెరికా తూర్పు తీరానికి ఇంకో పది రోజులు, రెండు వారాలు కలిశాయి.

ఇన్సూరెన్స్‌లో ఒక షరతు గమనించాలి. మనం సొంతంగా కట్టుకున్న పెట్టెలో గాజు సామాను పగిలితే పాలసీలు సాధారణంగా డబ్బివ్వవు, కంపెనీవాళ్ళు కట్టిన పెట్టెలకే ఇస్తాయి. ఇంకోటి, ఓడకి పెద్ద ప్రమాదం జరిగి దాన్ని కాపాడే ఖర్చు పడితే ఆ ఖర్చుని అందులో సామానున్న వాళ్ళందరికీ పంచే పాత సముద్ర నియమం ఉంది. 2021 మార్చిలో సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ ఓడ ఇరుక్కున్నప్పుడు అదే చేశారు, సామాను చెక్కుచెదరనివాళ్ళు కూడా పూచీ ఇచ్చాకే విడిపించుకోవాల్సి వచ్చింది. ఇన్సూరెన్స్ ఉంటే ఆ పూచీ కంపెనీ చూసుకుంటుంది.

ఇక్కడ వదిలేస్తే

వదిలేసినవి తాళం వేసిన ఇంట్లో భద్రంగా ఉంటాయనుకోవడం ఈ నేల మీద కుదరదు. గాలి ఆడని గదిలో పరుపులు బూజు పడతాయి, గోడకి ఆనించిన చెక్కకి చెద పడుతుంది, లంక గ్రామాల్లోనూ ఏటిగట్టు పక్కనా 2022 జూలైలాంటి వరద వస్తే తలుపు తీసేవాళ్ళు ఉండరు. టేకు సామాను వాడుకునే బంధువుల ఇంట్లో పెట్టడం, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ పనిచేస్తుండగానే అమ్మేయడం, ఇనప బీరువాని గోడకి జానెడు ఎడంగా ఇటుకల మీద ఎత్తి పెట్టడం, ఇవి ఓడ జాబితాతో పాటే తేల్చుకోవాలి. ఎవరింట్లో ఏ వస్తువుందో ఫొటోలతో రాసిన కాగితం ఒకటి ఇక్కడి పెద్దవాళ్ళ దగ్గర, ఒకటి వెళ్ళేవాళ్ళ దగ్గర ఉంటే, నాలుగేళ్ళ తర్వాత సంక్రాంతికి వచ్చినప్పుడు గంగాళం మేనత్త ఇంట్లో ఉందా, చిన్నమామయ్య ఇంట్లో ఉందా అని అడగాల్సిన పని ఉండదు.